ఒమాను రైతు మరణశాసనము



ఇంటి యజమానుడు కన్నుమూసిన పిమ్మట దూరపు బంధువులు వచ్చి చేరక మునుపే అప్పులవాడు వాకిట నిలుచుట తోటలలో పుట్టి పెరిగిన మనకు తెలియని సంగతి కాదు. సింహళ ద్వీపపు తేయాకు తోటలలో కూలివాని అప్పును తుండు అను చీటిమీద వ్రాసి, ఆ చీటినిబట్టి మనుష్యులను ఒక తోటనుండి మరియొక తోటకు మార్చుచుండిరి. 1921లో చట్టము ఆ పద్ధతిని కొట్టివేసెను. చనిపోయినవాని అప్పు దేనినుండి తీర్చవలెను, ఎంతవరకు తీర్చవలెను, ఎవరి బాకీ ముందు తీరవలెను అను ప్రశ్నలు మాత్రము ఎల్ల దేశములందును నిలిచియున్నవి. నేడు మన తెలుగువారు అనేకులు పనికై పోవుచున్న ఒమాను దేశమున పూర్వపు రైతులు వీటికి ఏమి జవాబు చెప్పుకొనిరో విచారింతము.

ఒమాను అరబ్బు భూమికి ఆగ్నేయపు కొనయందున్నది. అక్కడ వాన స్వల్పము. కొండల అడుగుననుండి నీటిని సన్నని కాలువలలో ఊరికి తెచ్చుకొందురు. కొంతదూరము ఆ కాలువ నేల లోపలనే నడచును. వీటిని ఫలజులందురు. నిజ్వా పట్టణపు దారిసు ఫలజును, మరి నాలుగింటిని 2006లో ఐక్యరాజ్యసమితివారి యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను. ఇక్కడ నీటిని కాలముతో కొలుతురు. సుమారు అరగంట పారుదలను అథరు అందురు. పగలు నీడనుబట్టియు, రాత్రి నక్షత్రములనుబట్టియు వంతులు తెలిసికొనుచుండిరి. నీటివంతు ఒకనిది, నేల ఒకనిది, దానిపై నిలిచిన ఖర్జూరపు చెట్టు వేరొకనిది కావచ్చును. మనలో చెరువు నీటిని నేలతోగాని విడిగా అమ్మము గనుక ఇది వింతగా తోచును. కాని అప్పు తీర్చవలసిన వేళ ఈ ఏర్పాటు ఎంత అక్కరకు వచ్చునో చూడుడి: తోటయంతయు పోగొట్టుకొనక, నాలుగు చెట్లో ఒక వంతు నీరో అమ్మి అప్పులవానిని పంపివేయవచ్చును.

ఆ దేశపు ముసల్మానులలో ఇబాదీ శాఖవారు పెక్కుమంది. ఇస్లాము ధర్మశాస్త్రము ప్రకారము మృతుని సొత్తునుండి మొదట పాతిపెట్టు ఖర్చు, తరువాత అప్పులు, ఆ తరువాత మరణశాసనమందలి దానములు తీరవలెను. ఆ దానములును అప్పులు పోగా మిగిలిన దానిలో మూడవ వంతు మించరాదు. వారసుల భాగములు కడపటివి. ఖురానులో మరణశాసనపు మాట ముందును, అప్పు మాట వెనుకను వచ్చుచున్నది. అయినను పండితులు అప్పునకే మొదటి స్థానమిచ్చిరి. సొత్తు చాలనియెడల కుమారులు తమ సొంత కష్టార్జితమునుండి చెల్లించవలెనను నిర్బంధము లేదు.

అందుచేత ఒమాను రైతు మరణశాసనములో చాలభాగము లెక్కయే. ఎవరికి ఎంత బాకీ, ఏ మ్రొక్కు తీర్చలేదు, ఏ ఉపవాసము తప్పినది, దానికి బదులుగా బీదలకు ఎంత పెట్టవలెను అని వ్రాయించుకొందురు. ఒక చెట్టు ఫలమును మసీదునకు, ఒకదానిని ఫలజు మరమ్మతునకు, ఒకదానిని రంజాను మాసపు సాయంకాల భోజనమునకు విడుచుటయు కలదు. అప్పు తీరినగాని వీటిలో ఏదియు చెల్లదు. ప్రవక్త శిష్యుని విధవరాలి కథ మనమందరము ఎరిగినదే గదా. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవచ్చినప్పుడు, నూనె అమ్మి మొదట అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో పిల్లలతో బ్రతుకుమనియు ఎలీషా చెప్పెను. క్రమము రెండుచోట్ల ఒక్కటియే.

అయితే వ్రాతలోని క్రమము వేరు, బజారులోని నడవడి వేరు. వడ్డీ నిషిద్ధము, రైతునకు రొక్కము లేక గడవదు. ఈ చిక్కు తప్పించుకొనుటకు ఖియారు విక్రయమను పద్ధతి పుట్టెను. రైతు తోటను ఒక మొత్తమునకు అమ్మినట్లు పత్రము వ్రాసి, ఇంత కాలములో ఆ మొత్తము తిరిగి యిచ్చినచో తోట మరల తనదగునని షరతు పెట్టును. తరచుగా ఆ తోటనే తాను కౌలుకు పుచ్చుకొని సాగుచేయును. ఆ కౌలు సొమ్మే వడ్డీకి మారుగా నిలుచును. 19వ శతాబ్దమున మస్కటులోను, ఆఫ్రికా తీరపు జాంజిబారులోను కచ్ఛు, గుజరాతు దేశపు వర్తకులు ఇట్టి పత్రములమీద విస్తారముగా రొక్కమిచ్చిరి. పేరు ఏదియైనను ఇది తనఖాయే అని నా అభిప్రాయము. గడువు నడుమ రైతు మరణించెనా, తోట ఇంటివారిదో వర్తకునిదో తేలుట ఆ పత్రములోని నాలుగు పంక్తులమీద ఆధారపడును. చదువు రాని విధవరాలి స్థితి వేరుగా చెప్పనేల?

రైతు సంగతి ఇట్లుండగా, రాజు సంగతియు వినదగినది. ఒమాను ప్రభువైన సయ్యదు సయీదు 1840 ప్రాంతమున జాంజిబారునకు కాపురము మార్చి, అక్కడ లవంగ తోటలు విస్తరింపజేసెను. ప్రభువే పెద్ద తోట యజమానుడు. అతడు 1850లో మరణశాసనము వ్రాయించి, 1856 అక్టోబరులో ఓడపై ప్రయాణములో మృతినొందెను. కుమారులు తువైనీ, మాజిదులు రాజ్యమునకై పోరాడగా, 1861లో హిందూదేశపు వైస్రాయి కానింగు ప్రభువు తీర్పు చెప్పి, జాంజిబారు మస్కటునకు ఏటేట 40,000 వెండి నాణెములు చెల్లించవలెననియు, గడచిన రెండేండ్ల బాకీ 80,000 కూడ ఇయ్యవలెననియు నిర్ణయించెను. చరిత్రకారులు దీనినే విశేషముగా చెప్పుకొందురు. మనము గమనించవలసినది వేరొకటి. ఆ మరణశాసనములో సయీదు తన దాసులను విడిపించెను. తోటలలో పనిచేయు దాసులను మాత్రము విడువలేదు. ఇంటి దాసునికి విడుదల, తోట దాసునికి లేదు. తోట విలువ వాని చేతులమీద నిలిచియుండెను గనుక, వాడు చెట్లతోపాటు వారసులకు పోయెను.

ఒమానులోని బాతినా తీరపు ఖర్జూర తోటలలోను ఆఫ్రికా దాసులు నీరు తోడి కాయలు కోసిరి. దాసుడు సొత్తుగా లెక్కింపబడినంతకాలము యజమానుని అప్పునకు వానిని అమ్మవచ్చును. 1896లో దాసుల ఓడనుండి విడిపింపబడిన 18 మంది బాలురను మస్కటులో పీటరు జ్వేమరను మిషనరీ చేర్చుకొని చదువు చెప్పెను. రెండేండ్లకే ఆయన మరణించెను. జాంజిబారులో 1897లోను, ఒమానులో 1970లోను దాసత్వము చట్టముచే తొలగెను.

ఇక మన దేశపు మాట. హిందూదేశపు క్రైస్తవ కుటుంబములకు వర్తించు 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము మృతుని సొత్తునుండి సమాధి ఖర్చు, కడపటి జబ్బుకైన వైద్యపు ఖర్చు, కోర్టు ఖర్చులు చెల్లినపిమ్మట, మరణమునకు ముందు మూడు నెలలలో వానికి పనిచేసిన కూలివానికి, చేతిపనివానికి, ఇంటి సేవకునికి రావలసిన జీతము చెల్లించవలెను. తక్కిన అప్పులు దాని తరువాతనే. మరణశాసనములోని దానములు అన్నిటికిని వెనుక. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము తాత తండ్రుల వెట్టి అప్పును సయితము రద్దుచేసెను. సయీదు మరణశాసనములో తోటపనివాడు ఆస్తి జాబితాలో నుండెను. ఈ చట్టములో వాడు బాకీ రావలసినవారిలో నిలిచి, పత్రము చేతబట్టుకొని వచ్చిన సాహుకారుకంటె ముందుగా తన మూడు నెలల కూలి పుచ్చుకొనును.