పికప్ వాహనం కొనేముందు: కంపెనీ పేరు కంటే ముందు చూడవలసిన లెక్కలు

కూరగాయలు, పాలు, చేపలు, మంచినీటి డబ్బాలు, సిమెంటు బస్తాలు, గ్యాస్ సిలిండర్లు. తెలుగు రాష్ట్రాలలో ఇలాంటి సరుకులు వినియోగదారుని గుమ్మం చేరేది చాలావరకు చిన్న సరుకు వాహనాల మీదనే. వీటిని కొనేవారిలో ఒకే ఒక్క బండి మీద ఆధారపడినవారు, తామే యజమానిగా, తామే డ్రైవరుగా పనిచేసేవారు ఎందరో ఉన్నారు. ముందు చెల్లించేది కూడబెట్టిన సొమ్ము, మిగిలినది అప్పు. బండి కదిలిన రోజున కిరాయి వస్తుంది. బండి నిలిచిపోయిన రోజున కిరాయి ఆగుతుంది గాని, వాయిదా ఆగదు.

అందువల్ల ఏ కంపెనీ బండి నమ్మకమైనదన్న ప్రశ్న అభిరుచికి సంబంధించినది కాదు, ఒక కుటుంబపు జీవనోపాధికి సంబంధించినది. అయితే ఈ ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పడం కష్టం. ఒకరి వద్ద పదేళ్లు నిరాటంకంగా నడిచిన రకమే మరొకరి వద్ద రెండేళ్లకే మూలపడవచ్చు. మోసే బరువు, తిరిగే దారి, మరమ్మతు కేంద్రం ఎంత దూరంలో ఉన్నది అనే మూడు విషయాలు ఆ తేడాను నిర్ణయిస్తాయి.

మార్కెట్‌లో ఉన్నవి ఏవి?

దేశంలో చిన్న సరుకు వాహనాల తీరును 2005లో వచ్చిన టాటా ఏస్ మార్చివేసింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజనుతో వచ్చిన ఈ బండికి ‘ఛోటా హాథీ’ అన్న పేరు స్థిరపడింది. మూడు చక్రాల ఆటో ట్రాలీకి, పెద్ద వ్యానుకు మధ్య ఉన్న ఖాళీని అది పూరించింది. 2016లో మారుతీ సుజుకీ సూపర్ క్యారీ అదే తరగతిలోకి వచ్చింది. ఈ రెండూ ముప్పావు టన్నుకు అటూ ఇటూ బరువు మోసే వాహనాలు.

దాని పై తరగతిలో ఒక టన్ను నుంచి 2 టన్నుల వరకు మోసే పికప్‌లు ఉన్నాయి. మహీంద్రా బొలెరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, 2017లో వచ్చిన టాటా యోధ, 2019లో వచ్చిన టాటా ఇంట్రా వీటిలో ముఖ్యమైనవి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారం నుంచి ఇసుజు డి-మాక్స్ వస్తోంది. ఇక ఇసుజు వి-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ వంటివి నాలుగు తలుపుల క్యాబిన్‌తో, కారుకు దగ్గరగా ఉండే వాహనాలు. సొంత అవసరాలకు కొనే వీటిని, కిరాయికి తిప్పే పికప్‌లతో ఒకే తక్కెడలో తూచడం సరికాదు.

మొదట తూచవలసినది బండిని కాదు, సరుకును

ఆర్సీలో రెండు బరువులు నమోదై ఉంటాయి. ఒకటి బండి ఖాళీ బరువు, రెండవది సరుకుతో సహా అనుమతించిన మొత్తం బరువు. రెండవ దాని నుంచి మొదటిది తీసివేస్తే వచ్చేదే చట్టప్రకారం మోయదగిన బరువు. డ్రైవరు, సహాయకుడు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

ఒక ఉదాహరణ చూడవచ్చు. 20 లీటర్ల మంచినీటి డబ్బా నిండుగా ఉంటే 20 కిలోలకు పైగా బరువు తూగుతుంది. 750 కిలోలు మోయగల బండిలో ఇద్దరు మనుషులకు 130 కిలోలు తీసివేస్తే మిగిలేది 620 కిలోలు, అంటే దాదాపు 30 డబ్బాలు. రోజూ 50 డబ్బాలు ఎక్కించే వ్యాపారికి ఆ తరగతి బండి ఏ కంపెనీదైనా నమ్మకంగా నిలవదు. కమాను పట్టీలు ముందు అలసిపోతాయి. తరువాత క్లచ్ ప్లేటు, బేరింగులు, టైర్లు ఒకదాని వెంట ఒకటి ఖర్చు పెట్టిస్తాయి. అన్నిటికంటే ప్రమాదకరమైన మార్పు బ్రేకులలో కనిపిస్తుంది. అధిక బరువుతో ఉన్న బండి ఆగడానికి మరింత దూరం తీసుకుంటుంది. పాడేరు, అరకు వంటి ఘాట్ రోడ్ల దిగుడులో ఈ తేడా ప్రాణాల మీదకు తెస్తుంది.

కొన్ని సరుకులకు బరువు కంటే పరిమాణం ముఖ్యం. గుంటూరు యార్డుకు వెళ్లే మిరప టిక్కీలు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే పత్తి బరువు మీరకముందే తొట్టిని నింపివేస్తాయి. అటువంటివారికి తొట్టి పొడవు ప్రధానం. సిమెంటు, గ్రానైటు, ఇనుము విషయంలో ఇందుకు విరుద్ధంగా తొట్టి సగం కూడా నిండకముందే బరువు పరిమితి దాటిపోతుంది. చేపలు, రొయ్యలు మోసేవారికి ఐసు నీరు, ఉప్పు తడి వల్ల తొట్టి అడుగు రేకు, ఛాసిస్ తుప్పు పట్టే సమస్య ఉంటుంది. నీరు బయటకు పోయే ఏర్పాటు, తుప్పు నివారణ పూత వారికి ఇంజను శక్తి కంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

చట్టం గీసిన గీతలు

మోటారు వాహనాల చట్టం ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్ అవసరం లేదు. రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా మాత్రం తప్పనిసరి. 1.7 టన్నులు, 2 టన్నులు మోసే రకాలు ఈ గీతను దాటుతాయి గనుక పర్మిట్ ఖర్చును కూడా ముందుగానే లెక్కలో చేర్చుకోవాలి.

మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి మోటారు వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. పికప్‌లన్నీ ఈ పరిమితిలోపే ఉంటాయి. ఫిట్‌నెస్ ధ్రువపత్రాన్ని బండికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా పునరుద్ధరించుకోవాలి.

అధిక బరువుకు చట్టం నిర్దేశించిన జరిమానా 20,000 రూపాయలు. దానికి అదనంగా మించిన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. ఎక్కువైన సరుకును దింపించే ఖర్చు కూడా బాధ్యుడి మీదనే పడుతుంది. రెండు ట్రిప్పుల సరుకును ఒకే ట్రిప్పులో తరలించి మిగుల్చుకున్న సొమ్ము ఒక్క తనిఖీతో పోవచ్చు.

మరమ్మతు కేంద్రం ఎంత దూరం?

ఒకప్పుడు నమ్మకమైన బండి అంటే ఏ ఊరి మెకానిక్ అయినా స్పానర్లతో విప్పి బిగించగలిగినది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలతో ఈ పరిస్థితి మారింది. కొత్త డీజిల్ ఇంజన్లలో పొగను శుద్ధి చేసే ఫిల్టర్లు, పలు సెన్సార్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థ ఉంటాయి. లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికే స్కానర్ కావాలి. నగరంలో కొద్ది దూరాలు మాత్రమే ఆగుతూ సాగుతూ తిరిగే డీజిల్ బండిలో పొగ ఫిల్టరు త్వరగా మూసుకుపోయే అవకాశం ఉంది. అప్పుడప్పుడు హైవే మీద నిలకడైన వేగంతో నడిపితే అందులోని మసి కాలిపోతుంది. హెచ్చరిక దీపం వెలిగినా పట్టించుకోకపోతే చిన్న పని పెద్ద ఖర్చుగా మారుతుంది.

కనుక షోరూము ఎక్కడుందన్న దానికంటే సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉన్నది, విడిభాగం ఎన్ని రోజులలో వస్తుంది అన్నవి కీలకమైన ప్రశ్నలు. వీటికి సరైన సమాధానం అమ్మకందారు వద్ద దొరకదు. అదే రకం బండిని అదే దారిలో మూడేళ్లుగా నడుపుతున్న డ్రైవర్లు చెప్పగలరు. గత ఏడాదిలో బండి ఎన్ని రోజులు నిలిచిపోయింది, ఏ భాగం కోసం ఎన్ని రోజులు ఎదురుచూశారు అని ఐదారుగురిని అడిగితే ప్రకటనలు చెప్పని విషయం తెలుస్తుంది.

పెద్ద పేరు ఎప్పటికీ అండగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 1980లలో జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో డీసీఎం టయోటా, ఆల్విన్ నిస్సాన్, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్డా అనే నాలుగు తేలికపాటి వాణిజ్య వాహనాలు దేశంలోకి వచ్చాయి. ఆల్విన్ నిస్సాన్ సంస్థ తరువాత మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్‌లోని ఆ కర్మాగారం నేడు మహీంద్రాదే. డీసీఎం టయోటా 1990లలో దేవూ చేతికి వెళ్లి, కాలక్రమంలో కనుమరుగైంది. అయినా హైదరాబాద్‌లో మధ్యరకం సరుకు వ్యాను ఏ కంపెనీదైనా నేటికీ ‘డీసీఎం’ అనే పిలుస్తారు. పేరు జనం నోట మిగిలింది గాని, ఆ కంపెనీ మిగలలేదు. బండి ఎనిమిది, పదేళ్లు నడవవలసినది గనుక, ఆ రకం తమ జిల్లాలో ఎంత విరివిగా తిరుగుతోందో చూడాలి. ఎక్కువగా తిరిగే బండికి విడిభాగాలు, పని తెలిసిన మెకానిక్‌లు, తిరిగి అమ్మేటప్పుడు ధర సులభంగా దొరుకుతాయి.

డీజిలా, సీఎన్‌జీయా, విద్యుత్తా?

రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే బండి 2,500 కిలోమీటర్లు నడుస్తుంది. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే బండికి, 17 ఇచ్చే బండికి మధ్య తేడా నెలకు 31 లీటర్లకు పైగా ఉంటుంది. అయితే కంపెనీ ప్రకటించే మైలేజీ పరీక్షా కేంద్రంలోనిది. నిండు బరువుతో వచ్చే మైలేజీని వాడుకదారులను అడిగి తెలుసుకోవాలి.

సీఎన్‌జీ బండిలో గ్యాస్ సిలిండర్ల బరువు వల్ల సరుకు మోసే శక్తి కొంత తగ్గుతుంది. తిరిగే దారిలో గ్యాస్ బంకు ఉన్నదా, అక్కడ ఎంతసేపు వేచి ఉండాలి అన్నవి కూడా చూసుకోవాలి. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ వంటి విద్యుత్ వాహనాలు రోజూ ఒకే దారిలో తిరిగి సాయంత్రానికి ఒకే చోటుకు చేరే పనికి అనుకూలం. ఎప్పుడు ఏ ఊరికి కిరాయి తగులుతుందో తెలియని పనికి ఛార్జింగ్ కేంద్రాల కొరత అడ్డంకి అవుతుంది.

వాయిదాలో దాగిన వడ్డీ

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అయినా ధరలో కలిగిన ఊరట అప్పు షరతులలో హరించుకుపోకుండా చూసుకోవాలి.

వడ్డీని రెండు పద్ధతులలో చెబుతారు. 8 లక్షల అప్పును 4 ఏళ్లలో, తగ్గే అసలు మీద 11 శాతం వడ్డీతో తీరిస్తే నెల వాయిదా సుమారు 20,700 రూపాయలు అవుతుంది. అదే అప్పుకు ‘8 శాతం ఫ్లాట్’ అంటే వినడానికి తక్కువగా ఉంటుంది. కానీ మొదటి అసలు మీదనే నాలుగేళ్లూ వడ్డీ లెక్కిస్తారు గనుక వాయిదా 22,000 రూపాయలకు చేరుతుంది. మొత్తం మీద సుమారు 63,000 రూపాయలు అదనంగా చెల్లించవలసి వస్తుంది. అందుచేత శాతాన్ని కాకుండా, గడువు ముగిసేసరికి చెల్లించే మొత్తాన్ని అడిగి పోల్చుకోవాలి.

20,700 రూపాయల వాయిదాను 25 పనిదినాలకు పంచితే రోజుకు 828 రూపాయలు. బండి ఐదు రోజులు సర్వీసు కేంద్రంలో నిలిచిపోతే, మరమ్మతు ఖర్చు కాక 4,000 రూపాయలకు పైగా వాయిదా భారం సంపాదన లేకుండానే మీద పడుతుంది. నమ్మకమైన బండికి అసలైన కొలత ఇదే.

వారంటీని కూడా ఇలాగే లెక్కించాలి. ‘3 సంవత్సరాలు లేదా 1 లక్ష కిలోమీటర్లు’ అంటే ఏది ముందు వస్తే అది. రోజుకు 150 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే బండికి ఆ వారంటీ రెండేళ్ల మూడు నెలలలోపే ముగుస్తుంది.

పాత బండి కొనేవారికి

పాత పికప్‌లో రంగు కంటే ఛాసిస్ ముఖ్యం. దానిమీద వెల్డింగ్ మచ్చలు, పగుళ్లు, కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ కమాను పట్టీలు ఉంటే ఆ బండి ఎక్కువ బరువు మోసినట్లు అనుమానించాలి. చల్లగా ఉన్న ఇంజనును తామే స్టార్టు చేయించి చూడాలి. నీలిరంగు పొగ ఇంజను ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. ఫిట్‌నెస్, బీమా, పన్ను, పెండింగు చలానాల వివరాలను ప్రభుత్వ పరివాహన్ సేవలలో సరిచూసుకోవచ్చు. ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే, అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి సొమ్ము చెల్లించరాదు.

తొట్టిలో మనుషులు

పొలం పనులకు, పెళ్లిళ్లకు, జాతరలకు పికప్‌ల తొట్టిలో మనుషులను తరలించడం సర్వసాధారణమైంది. తొట్టిలో సీటు లేదు, బెల్టు లేదు, పైన రక్షణ లేదు. సరుకు వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థపై ఉండదని సుప్రీంకోర్టు గతంలోనే తీర్పు చెప్పింది. సరుకుతో వెళ్లే దాని యజమానికి, అతని అధీకృత ప్రతినిధికి మాత్రమే చట్టం మినహాయింపునిచ్చింది. ప్రమాదం జరిగితే బాధితుల కుటుంబాలతో పాటు బండి యజమాని కుటుంబమూ రోడ్డున పడే పరిస్థితి ఇది.

చివరి నిర్ణయానికి ముందు

బయానా ఇచ్చేముందు ఒక కాగితం మీద ఐదు విషయాలు రాసుకుంటే ఎంపిక సులువవుతుంది. రోజూ మోసే అత్యధిక బరువు, రోజూ తిరిగే దూరం, దారి తీరు, సమీప సర్వీసు కేంద్రం దూరం, నెలకు భరించగల వాయిదా. ఈ ఐదింటికీ సరిపోయేవి రెండు మూడు రకాలకు మించి మిగలవు. అప్పుడు సాధ్యమైతే సొంత సరుకుతో, సొంత దారిలో బండిని నడిపి చూపమని డీలరును కోరాలి. ఖాళీ బండి ఏదైనా బాగానే పరుగెడుతుంది. నిండు తొట్టితో ఎత్తు ఎక్కి, దిగుడులో నిలకడగా ఆగిన బండిని, దగ్గరలో మరమ్మతుకు వీలున్న బండిని ఎంచుకోవడమే క్షేమకరం.