డేటా ఫ్రేమ్ - ఆర్ భాష

డేటా ఫ్రేమ్ అనేది గణాంక శాస్త్రంలో విరివిగా వాడే ఆర్ ప్రోగ్రామింగు భాషలో సమాచారాన్ని పట్టికగా అమర్చే విధానం. రోగుల వివరాలను ఇందులో నమోదు చేసినపుడు, ఆసుపత్రి రిజిస్టరులో వలెనే, ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క రోగికి, ఒక్కొక్క నిలువు వరుస ఒక్కొక్క వివరానికి చెందుతుంది.

చరిత్ర

బెల్ ప్రయోగశాలలలో రూపొందిన ఎస్ భాష నుండి ఈ విధానం ఆర్ భాషకు వచ్చింది. ఆర్ భాషను న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. దీని 1.0.0 కూర్పు 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది.

నిర్మాణం

వయసు, లింగం, బరువు వంటి ఒక్కొక్క వివరాన్ని మొదట వెక్టరుగా, అనగా ఒకే రకపు విలువల వరుసగా వ్రాస్తారు. సమాన పొడవు గల వెక్టర్లను కలిపి డేటా ఫ్రేమ్ తయారు చేస్తారు. వెక్టర్లు విడిగా ఉన్నపుడు వయసులను మాత్రమే ఆరోహణ క్రమంలో పెడితే, ఒకరి వయసు మరొకరి బరువు ప్రక్కన చేరుతుంది. డేటా ఫ్రేమ్‌లోని అడ్డువరుసలను క్రమపరచినపుడు రోగి వివరాలన్నీ కలిసే కదులుతాయి.

విలువల రకాలు

రోగి గుర్తింపు సంఖ్యను అక్షర రూపంలో ఉంచడం మంచిది. సంఖ్యగా చదివిస్తే 007 కాస్తా 7 అవుతుంది. లింగం, రక్తవర్గం వంటి వర్గాలకు ఫాక్టర్ అనే రకం ఉంది. 2020లో వచ్చిన 4.0.0 కూర్పుకు ముందు డేటా ఫ్రేమ్‌లో అక్షర రూపంలోని వివరాలు వాటంతట అవే ఫాక్టర్లుగా మారేవి.

లోపించిన విలువలు

తెలియని విలువకు ఎన్‌ఏ అని వ్రాయాలి, సున్న వేయరాదు. ముగ్గురు రోగులలో ఇద్దరి బరువు 60, 70 కిలోలు అనుకుందాం. మూడవ వారి బరువు తెలియక సున్న వేస్తే సగటు 43.3 కిలోలని వస్తుంది. ఎన్‌ఏ అని వ్రాస్తే సగటు కూడా ఎన్‌ఏ అని వచ్చి లోపాన్ని తెలుపుతుంది. ఆ విలువను మినహాయించమని ఆదేశిస్తే 65 కిలోలు వస్తుంది.

ఉదాహరణ

సర్వైవల్ అనే ప్యాకేజీలోని లంగ్ పట్టికలో ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరు గల 228 మంది వివరాలు 10 నిలువు వరుసలలో ఉన్నాయి. రోగుల పేర్లు లేవు. ఆహారపు కాలరీల వరుసలో 47 మందికి ఎన్‌ఏ అని ఉంది. లింగం వరుసలో 1 అనగా పురుషుడు, 2 అనగా స్త్రీ. స్థితి వరుసలో 2 అనగా మరణించినవారు. 1 అనగా పరిశీలన ముగిసేవరకు మరణం నమోదు కానివారు. ఈ సంకేతాల వివరణ చూడకుండా 1 అంటే మరణమని భావిస్తే, 165గా ఉన్న మరణాల సంఖ్య 63 అవుతుంది. కంప్యూటరు ఏ తప్పూ చూపదు. కనుక పట్టికతో పాటు సంకేతాల వివరణను కూడా భద్రపరచవలెను.