పొద్దు వాలాక ముద్ద ముట్టని వాళ్లు

పదహారు గంటలు పస్తు, మిగిలిన ఎనిమిది గంటల్లోనే తిండి. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ పేరుతో ఈ లెక్క ఇప్పుడు ఆఫీసు క్యాంటీన్లలోనూ వినిపిస్తోంది. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని ఆనుకుని ఉన్న నాగార్జునకొండ విహారాల భిక్షువులకు ఇంతకంటే గట్టి నియమం ఉండేది. తెల్లవారింది మొదలు సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకానే భోజనం. పొద్దు పడమటికి వాలితే మళ్లీ మర్నాడే. నీళ్లు, వడగట్టిన పళ్లరసం తాగొచ్చు. జబ్బు చేసినవారికి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మందుగా ఇచ్చేవారు.

ఈ నియమం ఒక్కరోజులో పుట్టలేదు. బౌద్ధ గ్రంథం మజ్ఝిమ నికాయంలో ఉదాయి అనే భిక్షువు పాత రోజులు తలుచుకుంటాడు. అప్పట్లో వాళ్లు పొద్దునా, పగలూ, రాత్రీ తినేవారు. బుద్ధుడు ముందు మధ్యాహ్నం దాటాక తినే పగటి తిండి మానమన్నాడు, ఆ తర్వాతే రాత్రి తిండి. రెండుసార్లూ ఉదాయికి మనసు చివుక్కుమంది. రుచిగా వండేది రాత్రిపూటే మరి! అయితే చీకట్లో భిక్షకు వెళ్లినవాళ్లు మురుగుగుంటల్లో పడేవారు, ముళ్లకంపల్లో చిక్కుకునేవారు. ఒక రాత్రి గిన్నె కడుక్కుంటున్న ఓ ఇల్లాలు మెరుపు వెలుగులో ఉదాయిని చూసి దయ్యమనుకుని కేకపెట్టింది.

భద్దాలి అనే మరో భిక్షువు కథ నాకు మరీ ఇష్టం. రోజుకు ఒక్కసారే తింటే తనకు ఒంట్లో తేలిగ్గా, హాయిగా ఉందని, మీరూ అలా చేయండని బుద్ధుడు చెబితే, భద్దాలి తనవల్ల కాదన్నాడు. సగం పిలిచినచోట తిని, సగం తెచ్చుకుని తర్వాత తినమన్నా ఒప్పుకోలేదు. మూడు నెలలు గురువు కంటపడకుండా తిరిగి, చివరికి వచ్చి క్షమించమన్నాడు. తిండివేళ మార్చుకోవడం మనిషికి ఎంత కష్టమో అంత పాతకాలంలోనే దాచకుండా రాసిపెట్టారు.

వేళ విషయంలో అందరిదీ ఒకే దారి కాదు. జైనులు సూర్యాస్తమయంలోపే తినేస్తారు. మన కార్తీక సోమవారాల ఉపవాసం చుక్క పొడిచాకే ముగుస్తుంది.

ఒంటికి మేలు చేసేది ఏ వేళ? ఒడిశాలో పుట్టిన శాస్త్రవేత్త సచ్చిదానంద పండా బృందం 2012లో అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలుకలకు కొవ్వు మేత పెట్టింది. రోజంతా తిన్నవి బాగా లావెక్కాయి. అంతే మేతను ఎనిమిది గంటల్లో, అదీ అవి మెలకువగా తిరిగే రాత్రివేళ తిన్నవి అంతగా లావెక్కలేదు. మనుషుల్లో ఫలితం అంత సూటిగా రాలేదు. 2020లో 116 మందితో జరిగిన పరీక్షలో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపు మాత్రమే తిన్నవారు, మూడుపూటలా తిన్నవారికంటే చెప్పుకోదగ్గంతగా బరువు తగ్గలేదు. 2018 నాటి మరో పరీక్షలో షుగరు అంచున ఉన్న మగవాళ్లు ఐదు వారాలపాటు మధ్యాహ్నం 3 లోపే రోజు తిండి ముగించారు. బరువు తగ్గకపోయినా వారికి రక్తపోటు తగ్గింది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. అది ఎనిమిది మందితో చేసిన చిన్న పరీక్షే. అయినా పొద్దు ఉండగా తినే పాత పద్ధతి వైపే నా మొగ్గు.

అందుకే ఈ పద్ధతి మొదలుపెట్టాలనుకునేవారు పొద్దుటి టిఫిన్ మానకండి, రాత్రి భోజనాన్ని ముందుకు జరపండి. అదీ కొద్దికొద్దిగా. షుగరు మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానొద్దు.