కమ్మాయి నిండిన ఏడాది తెప్ప

మా అరుప్పుకోట్టైకి ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. సముద్రం చూడాలంటే వేంబారు దాకా పోవాలి, 50 కిలోమీటర్ల పైమాటే. ఊరి చరిత్ర అనగానే మగ్గాలు, నూలు, అద్దకం, పత్తి చేలు గుర్తుకొస్తాయి. మదురై నాయకుల కాలం నుంచి ఈ నల్లరేగడిలో తెలుగువాళ్లు కుదురుకున్న సంగతి గుర్తుకొస్తుంది. చేపలు పట్టే తెప్ప ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ తెప్ప ఒక్క నీటి కాలానికే పుట్టి, అది అయిపోగానే విడిపోతుంది. తర్వాత చూపించడానికి చెక్క ముక్క కూడా మిగలదు. అయినా మా మెట్ట మనుషుల పనితనంలో దానికో చోటుండాలని నా పట్టుదల. అందుకే ఇది రాస్తున్నాను.

మా జిల్లాలో సాలుకు పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. ఆ వానను పట్టి ఉంచేవి కమ్మాయిలు, అంటే మా వైపు చెరువులు. కొన్నేళ్లు అవి అడుగు కూడా తడవవు. నిండిన ఏడాది మాత్రం చేపల పాట పాడతారు. పాట దక్కినవాళ్లు బొచ్చె, రోహు పిల్లల్ని వదులుతారు. 1952లో మన దేశానికి తెచ్చిన జిలేబి చేప మాత్రం ఎవరూ వదలకుండానే పెరిగిపోతుంది. వేసవిలో నీళ్లు మోకాలి లోతుకు దిగాక ఊరు ఊరంతా ఊతలు పట్టుకుని బురదలోకి దిగుతుంది. అప్పుడు తెప్పతో పనిలేదు. తై, మాసి అనే తమిళ నెలల్లో నడి చెరువులో నీళ్లు తల మునిగేంత ఉన్నప్పుడు వల వేయాలంటేనే తెప్ప కావాలి.

ఆ తెప్ప ఎలా ఉండాలో కమ్మాయే చెబుతుంది. చాలా చెరువుల గర్భంలో సామాజిక అడవుల పథకం కింద నల్లతుమ్మ నాటారు. సీమతుమ్మ తనంతట తానే పాకింది. నరికిన మోళ్లు నీళ్ల కింద కనపడవు. ఎక్కువ లోతు దిగే పడవ అయితే వాటికి తగులుకుంటుంది. పైగా మా చెరువులకు పడవ కట్టేసుకునే రేవు ఉండదు. పొద్దున కట్ట ఎక్కించి దించాలి, సాయంత్రం మళ్లీ భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకోవాలి. ఒక్క మనిషి మోయలేనిది ఇక్కడ పనికిరాదు.

పాత రోజుల్లో చేతికి దొరికేది అరటి బోదె. మూడు నాలుగు బోదెలు పక్కపక్కన పేర్చి, వాటిలోంచి వెదురు పుల్లలు అడ్డంగా దూర్చి, కొబ్బరి తాడుతో బిగిస్తే తెప్ప అయిపోతుంది. బోదె నిండా గాలి గదులే కాబట్టి తేలుతుంది, మెత్తబడే దాకా మోస్తుంది. బావిలో ఈత నేర్చుకునే పిల్లలకు నడుముకు కట్టే ఎండు సొరబుర్రది కూడా అదే సూత్రం. లోపలి గాలి మనిషి బరువును పంచుకుంటుంది.

మా చుట్టూ తాటిచెట్లకు కొదవలేదు. తాటి మొద్దుతో పడవ చేయడం ఎలాగో తెలుసుకోవాలంటే కొల్లేరు వైపు చూడాలి. తాటి మానుకు చేవ అంతా పైపొరలోనే ఉంటుంది, లోపల మెత్తటి దవ్వ. మొద్దును నిలువునా చీల్చి ఆ దవ్వ తోడేస్తే గట్టి డొప్ప మిగులుతుంది. అదే తాటి దోనె. మొదలు దగ్గర లావుగా ఉబ్బిన భాగం మూసుకునే ఉంటుంది కాబట్టి అది ముందు కొస అవుతుంది. తెరుచుకున్న వెనక కొసకు బంకమన్నో చెక్కో అడ్డం పెడతారు. ఒంటి దోనె ఒరుగుతుందనుకుంటే రెండింటిని పక్కపక్కన కట్టి సంగడి చేస్తారు. మద్రాసు రాజధానిలో చేపల శాఖను నడిపిన జేమ్స్ హోర్నెల్ 1920లో భారతీయ పడవల మీద రాసిన గ్రంథంలో ఈ రకం నాటు పడవల్ని శ్రద్ధగా నమోదు చేశాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లోనూ తూర్పు తీరంలో ఒంటి మానులను జతకట్టిన సంగర అనే పడవల ప్రస్తావన ఉంది. మన పక్క తాటిని ఇప్పుడు ఇష్టం వచ్చినట్టు కొట్టడానికి లేదు. కలెక్టరు అనుమతి ఉండాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఆ కట్టడి మంచిదే. ఒక్క సీజను చేపల కోసం తరాల నాటి చెట్టును పడగొట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

వేంబారు తీరం వాళ్ల కట్టుమరం మాకు ఇంకా దగ్గరి చుట్టం. తేలిక కలప దుంగలను తాళ్లతో కట్టి సముద్రంలోకి పోతారు. తిరిగి వచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఇసుక మీద ఆరబెడతారు. తడిసిన కలప బరువెక్కుతుంది, ఆరితేనే మళ్లీ తేలిక. ఫైబరు పడవలు వచ్చాక ఆ విప్పడం, కట్టడం తగ్గిపోయాయి.

ఇప్పటి మా తెప్ప థర్మోకోలుది. మా వీధిలో మేమంతా మామ అని పిలిచే ఒకాయన కట్టడం దగ్గరుండి చూశాను. మీటరు పొడుగు, అర మీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న అట్టలు ఆరు. రెండేసి చొప్పున మూడు వరసలు పేర్చాడు. కింది అతుకు మీద పై అతుకు పడకూడదని నడిమి వరసలో ఒక అట్టను రెండుగా కోసి చెరో కొసన పెట్టాడు, ఇటుక గోడ కట్టినట్టు. ద్రావకం కలిసిన జిగురు దగ్గరికి రానివ్వలేదు. అది తగిలితే థర్మోకోలు కరిగి గుంటపడుతుంది. యూరియా సంచులు విప్పి కుట్టిన గుడ్డ చుట్టి, రెండు పక్కలా వెదురు బద్దలు పెట్టి, పాత వలతో మొత్తం బిగించాడు.

“తేలితే చాలదు అల్లుడూ, వల లాగేటప్పుడు ఒరగకూడదు” అన్నాడు. అందుకే దాని మీద పీట వేయడు. నేరుగా తెప్ప మీదే కూర్చుంటాడు, మోళ్లు లేని చోట కాళ్లు చెరో పక్క నీళ్లలోకి జారవిడుస్తాడు. తెడ్లు రెండు చేతుల్లో రెండు చెక్క ముక్కలు.

లెక్క కూడా చెప్పాలి. ఆ తెప్ప పరపు సరిగ్గా ఒక చదరపు మీటరు. 10 కిలోల బరువు పెడితే ఒక సెంటీమీటరు దిగుతుంది. 65 కిలోల మనిషి, తడి వల, చేపలు కలిపి 95 కిలోలు అనుకుంటే 9 సెంటీమీటర్ల పైచిలుకు మునుగుతుంది, ఇంకా 5 సెంటీమీటర్లు నీటి పైన ఉంటుంది. తెప్ప సొంత బరువు కట్లతో కలిపినా భుజానికి తెలియదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పక్కా పనిముట్టు చేసేవాళ్లను నేను ఇంజనీర్లనే అంటాను.

కానీ థర్మోకోలు మీద నాకు కోపం ఉంది. ఎండకు పెళుసెక్కి, తుమ్మ ముల్లు గీరుకుని, పూసలు పూసలుగా రాలుతుంది. ఆ పూసలు కుళ్లవు. అలుగు దాకా కొట్టుకుపోయి గట్టున తెల్లగా పేరుకుంటాయి, చేప మేత అనుకుని మింగుతుంది. అరటి బోదె కుళ్లి చెరువుకే ఎరువయ్యేది. మనం తినే చేప బతికే నీళ్లలో ఈ చెత్త ఎందుకు వేయాలి?

ఇంకో ముచ్చట కూడా దాచకూడదు. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో దక్షిణాది జిల్లాల్లో కుండపోత కురిసింది. కాయల్‌పట్టణంలో ఒక్కరోజులోనే సుమారు 95 సెంటీమీటర్లు పడింది. తూత్తుకుడి వీధుల్లో జాలరుల పడవలు మనుషుల్ని మోశాయి. మెట్ట ఊళ్లలోనూ తేలే వస్తువు ఒకటి కట్టడం తెలిసినవాళ్లు ఉండాలని ఆ రోజులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకని కుర్రాళ్లు అడిగితే నేను తాగునీళ్ల 20 లీటర్ల క్యాన్లు చూపిస్తాను. ఖాళీ క్యాన్లు ఆరు, రెండు వరసలుగా వెదురు చట్రంలో కడితే దాదాపు 115 కిలోలు మోస్తాయి. మూత కింద సైకిల్ ట్యూబు రబ్బరు ముక్క పెట్టి బిగించాలి, మూతలన్నీ పైకి చూడాలి. మట్టి తవ్విన గుంటలు చెరువులో ఎక్కడున్నాయో కట్ట మీద పెద్దల్ని అడిగి దిగాలి, ఒంటరిగా దిగకూడదు. నీళ్లు తగ్గాక చట్రం విప్పితే వెదురు పందిరికి పోతుంది, క్యాన్లు మళ్లీ వాడుకోవచ్చు.