పులి కాళ్ళ లెక్క



పులికి నాలుగు కాళ్ళుంటాయి. అట్లని నాలుగు కాళ్ళున్నదల్లా పులి అయితదా? నవ్వొస్తది గానీ, ప్రాబబిలిటీ లెక్కల్లో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఇంటర్నల్ పరీక్షలో నేనూ తప్పు రాసిన. 'ఇది జరిగితే అది జరిగే అవకాశం', 'అది జరిగితే ఇది జరిగే అవకాశం' రెండూ ఒకటే అనుకున్నా.

ఇదే తప్పు ఇంగ్లాండులో ఒక తల్లి మీద పడింది. శాలీ క్లార్క్ అనే లాయరు పసిపిల్లలు ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆమే చంపిందని కేసు. 1999లో కోర్టులో రాయ్ మెడో అనే పేరున్న పిల్లల డాక్టరు, అలాంటి ఇంట్లో ఒక బిడ్డ కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, ఇద్దరికైతే 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అన్నాడు. అంటే ఆ అంకెను దానితోనే గుణించాడు. ఒకే తల్లి కడుపున పుట్టినోళ్ళకు ఒకే జబ్బు రావొచ్చు గదా, అట్లా గుణించొద్దు. అంతకన్నా పెద్ద తప్పు, ఆ అంకెను ఆమె నిర్దోషి అయ్యే అవకాశంగా తీసుకోవడం. తల్లి ఇద్దరు బిడ్డల్ని చంపుకోవడం కూడా చాలా అరుదే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్క తప్పని బయటికే చెప్పింది. ముందు బయటపెట్టని ల్యాబ్ రిపోర్టు ఒకటి దొరికాక, 2003లో ఆమె విడుదలైంది. 2007లో చనిపోయింది.

ఇక మన కథ. 1871లో తెల్లోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన ఎరుకలోళ్ళను అందులో చేర్చారు. వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా సెటిల్‌మెంటుగా పుట్టిందే. దొంగతనం పుట్టుకతోనే వస్తదని నమ్మారు. నేను చూసినంతవరకు అది మళ్ళీ పులి కాళ్ళ లెక్కే. ఊహకు ఒక జిల్లా అనుకోండి: పట్టుబడ్డ 20 మంది దొంగల్లో 10 మంది ఒకే తెగ. సగం! కానీ ఆ తెగలో 5,000 మంది ఉంటే, 4,990 మంది ఆ లిస్టులోనే లేరు. పైగా వాళ్ళ గుడిసెల్లోనే వెతికితే దొరికేదీ వాళ్ళే. చట్టం 1952లో రద్దయింది.

పోయిన నెల మా హాస్టల్లో ఒకరి ఫోన్ పోయింది. ముందు తెరిపించింది మా రూములో ఉండే ఎరుకల తమ్ముడి పెట్టె. ఫోను చివరికి నానబెట్టిన ప్యాంటు జేబులో దొరికింది. నేను కోయ పిల్లోణ్ణి, ఈ లెక్కలన్నీ అప్పటికే చదివినోణ్ణి. పెట్టె తెరుస్తుంటే నేనూ అందరితో పాటు అటే చూస్తూ నిలబడ్డా.