బావుల మీద నిలిచిన చర్చి

చెన్నైలో ఎగ్మోరు స్టేషన్‌కు దగ్గర్లో, పూనమల్లి హైరోడ్డు పక్కన చెట్ల మధ్య ఒక తెల్లటి శిఖరం కనిపిస్తుంది. రైలు దిగి ఆటో కోసం బేరమాడే తొందరలో మనలో చాలామంది తలెత్తి చూడం. అది సెయింట్ ఆండ్రూస్ కర్క్. స్కాట్లాండు వాళ్లు చర్చిని కర్క్ అంటారు.

వాళ్ల ప్రెస్బిటేరియన్ సంఘంలో బిషప్పులు ఉండరు, పెద్దలే నడిపిస్తారు. ‘ప్రెస్బిటెరోస్’ అన్న గ్రీకు మాటకు అర్థమే పెద్ద. 1813 తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో స్కాట్లాండు పాదిరీలకూ చోటు దొరికింది. ఆ ఊపులో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో కర్క్‌లు లేచాయి. కలకత్తా కర్క్ శిఖరం మీద కోడిపుంజును నిలబెట్టింది అక్కడి ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) బిషప్పును ఉడికించడానికేనని చెప్పుకుంటారు. మద్రాసులో ఆ పని ఎత్తుతోనే కానిచ్చారు: ఆంగ్లికన్ల సెయింట్ జార్జి చర్చి శిఖరం కంటే ఇది పొడవు. తమాషా ఏమిటంటే, రెండింటినీ కట్టించిన ఇంజనీరు ఒక్కడే, థామస్ డి హావిలాండ్.

1818లో శంకుస్థాపన జరిగింది. నేల మెత్తన, నీళ్లు పైనే. అందుకని ఆయన మన పల్లెల్లో బావి దించే పద్ధతినే పట్టుకున్నాడు. ఒర పెట్టి లోపలి మట్టి తవ్వుతుంటే అది తన బరువుకే దిగిపోతుంది. అలా పదులకొద్దీ బావులు దించి, పూడ్చి, వాటి మీద గోడలు లేపించాడు.

ముఖద్వారం లండన్ సెయింట్ మార్టిన్స్ చర్చికి చుట్టమే. లోపల మాత్రం హాలు గుండ్రం. నిజానికి సెయింట్ మార్టిన్స్‌కూ దాని రూపశిల్పి జేమ్స్ గిబ్స్ మొదట గుండ్రటి నమూనానే గీశాడు. ఖర్చెక్కువని అక్కడివాళ్లు వద్దన్నారు. ప్రసంగమే ప్రాణమైన ఈ ఆరాధనకు అందరూ పాదిరీ చుట్టూ చేరే వలయం బాగా కుదిరిందని నాకనిపిస్తుంది. బెంచీలు కూడా వంపు తిరిగే ఉంటాయి. పైన సుమారు 51 అడుగుల వ్యాసమున్న గుమ్మటం, నీలిరంగు మీద బంగారు చుక్కలు.

దాన్ని మోసే 16 స్తంభాలను చూసి పాలరాయి అనుకుంటాం. కాదు, మద్రాసు సున్నం. గుల్లలు కాల్చి, నూరి, పూత మీద పూత వేసి, నున్నటి రాయితో రుద్దిన మెరుపు అది. 1821లో తలుపులు తెరిచిన ఈ కర్క్‌ను కట్టించినవాడిగా డి హావిలాండ్ పేరు నిలిచింది. రుద్దిన చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టినట్టు లేదు.