పక్క అంచు

నేను పాథాలజీలో చేరిన కొత్తలో క్యాన్సర్ గడ్డతో తీసేసిన రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) ఫార్మలిన్ డబ్బాలో వస్తే ఎలా కోయాలో మా సార్ ఒక్కసారే చూపించారు. గొట్టాన్ని నిలువునా చీల్చి, అట్టముక్క మీద గుండుసూదులతో పరచాలి. పైకొస నుంచి ఒక ముక్క, కింది కొస నుంచి ఒకటి, గడ్డ నుంచి రెండు. కొసల్లో క్యాన్సర్ లేకపోతే ‘అంచులు శుభ్రం’ అని రాసి సంతకం పెట్టడమే. చుట్టూ ఉన్న పసుప్పచ్చని కొవ్వును వేళ్లతో నలిపి, లింఫ్ గ్రంథులు ఏరుకుని, మిగతాది బకెట్లో పడేసేవాళ్లం. ఏడాదికో రెండేళ్లకో అదే మనిషి కూర్చోలేనంత నొప్పితో తిరిగొచ్చేవాడు. చూస్తే, కోసిన చోటే మళ్లీ గడ్డ. జబ్బు అలాంటిది, మనమేం చేస్తాం అనుకునేవాళ్లం.

ఈ తిరగబెట్టడం మా కాలంలో మొదలైంది కాదు. లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ 1908లో ‘లాన్సెట్’లో తన లెక్క తనే బయటపెట్టాడు. కింది నుంచి మాత్రమే కోసి తీసిన 57 మందిలో 54 మందికి జబ్బు తిరగబెట్టింది. అలాంటి లెక్క అచ్చేయించుకోవాలంటే గుండె ఉండాలి! పోయినవాళ్లకు పోస్ట్‌మార్టమ్ చేస్తే, పైన తను ముట్టుకోని కణజాలంలో మిగిలిందే మళ్లీ పెరిగిందని తేలింది. అందుకే పొట్టవైపు నుంచీ కింది నుంచీ కోసి మొత్తం తీసేసి, మల విసర్జనకు పొట్ట మీద శాశ్వతంగా దారి పెట్టాడు. మొదటి 12 మందిలో 5 మంది ఆపరేషన్‌తోనే పోయారు. అయినా ఆ పద్ధతే దశాబ్దాలపాటు ఏలింది.

మేం బకెట్లో పడేసిన కొవ్వుకు మెసోరెక్టమ్ అని పేరుంది. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో, గడ్డకు కొన్ని సెంటీమీటర్ల కింద కూడా ఆ కొవ్వులో క్యాన్సర్ నలుసులున్న ఐదుగురి సంగతి రాశాడు. కొవ్వును చేత్తో పెకలించకూడదు, పొర చిరగకుండా కళ్లతో చూస్తూ కోసి సంచిలా మొత్తం తీయాలన్నాడు. 1986లో లీడ్స్ పాథాలజిస్ట్ ఫిలిప్ క్వర్క్, సహచరులు ముక్కను బ్రెడ్డులా అడ్డంగా పలచగా కోసి చూశారు. 52 మందిలో 14 మందికి క్యాన్సర్ పక్క అంచును తాకింది. ఆ 14లో 12 మందికి కటిలో తిరగబెట్టింది. మేం కొసలే చూశాం, పక్కలు చూడలేదు.

రేడియేషన్ సంగతీ చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు వారంపాటు ఇస్తే తిరగబెట్టడం 27 నుంచి 11 శాతానికి తగ్గిందని 1997లో స్వీడన్ వాళ్లు చూపించారు. హీల్డ్ పద్ధతిలో కోసిన డచ్చి రోగుల్లో, 2001 నాటి లెక్క ప్రకారం, రేడియేషన్ లేకుండానే రెండేళ్లకు అది 8.2 శాతం. రేడియేషన్ కలిపితే 2.4.

నేను మొదటిసారి పక్కలకు ఇండియన్ ఇంకు పూసి, అడ్డంగా కోసి, ‘పక్క అంచులో క్యాన్సర్ ఉంది’ అని రాసిన రోజు సర్జన్ ఫోన్ చేశాడు.

“కొసలు శుభ్రమే కదా మేడమ్?”

“కొసలు శుభ్రమే సార్. ఒకసారి కిందికి రండి.”

వచ్చాడు. ట్రేలో వరసగా పేర్చిన ముక్కల ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గ్లవ్స్ అడిగి తీసుకుని, “ఇందులో ముందువైపు ఏది?” అన్నాడు.